లక్ష్మిలో మావత్తు

నేను ఉద్యోగం మానేసే నాటికి మా ఆఫీసులో టెస్టులు రాయని వాళ్ళు లేరు. ఒక ముక్క ప్రోగ్రాం రాస్తే, అది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే ఇంకో చిన్న ప్రోగ్రాం దాని పక్కనే ఉండాలి. అలా చూసే ప్రోగ్రాములన్నిటికీ కావలసిన సరంజామా ఒకచోట పెట్టి ఉండేది. ఎవరికి ఏది కావాలంటే అది తీసుకునేవారు. దాన్ని ఎవరు రాశారో ఎవరికీ తెలియదు. కుళాయి తిప్పగానే నీళ్ళు వస్తే ఆ పైపు ఎవరు వేశారని అడగం కదా, అలాగే.

మీలో చాలామంది ఇప్పుడు అదే పనిలో ఉన్నారు కాబట్టి మీకు చెప్పాలనిపిస్తోంది. అటువంటి సరంజామాను నేను మొదటిసారి చూసింది సూర్యాపేటలో, ఎరువుల దుకాణం మీదున్న ఒక గదిలో. రాసింది కోదాడ నుంచి రోజూ బస్సులో వచ్చే ఒకావిడ. ఆవిడ పేరు రాయను. మేము పేర్లతో పిలుచుకున్నది తక్కువ. ఆవిడ నాకు అక్క. ఇందులో కూడా అక్కే.

తొంభైల మధ్య రోజులు. మిర్యాలగూడలో డిగ్రీ, హైదరాబాదులో ఏదో కంప్యూటర్ కోర్సు చేసి ఇంటికొచ్చి కూర్చున్నాను. మా ఊళ్ళో బియ్యం మిల్లులున్న ఒక ఇంటి అబ్బాయి, మిల్లు అన్నలకు వదిలేసి, సూర్యాపేటలో కంప్యూటర్ కంపెనీ పెట్టాడని తెలిసింది. కంపెనీ అంటే ఒక గది, రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, కింది దుకాణం నుంచి మెట్లెక్కి వచ్చే పురుగుమందు వాసన. ఆయన మాకు సారు. తెలుగు అక్షరాలు టైపు చేసి అచ్చు వేసుకునే ప్రోగ్రాం తయారుచేసి, ప్రింటింగ్ ప్రెస్సులకు ఇవ్వాలన్నది ఆయన ఆశ. అప్పటికి మా వైపు ప్రెస్సుల్లో ఇంకా సీసం అక్షరాలు చేత్తో పేర్చేవారు. కొందరు మాత్రం కంప్యూటర్ కొనాలా వద్దా అని ఊగిసలాడుతున్నారు.

పనిచేసేది ముగ్గురం. వత్తులు నా వంతు. గుణింతాలు తిరుమలగిరి నుంచి వచ్చిన ఒకతని వంతు. అతనిదీ నాదీ ఒకే వయసు. సూర్యాపేటలో గది కిరాయికి తీసుకుని ఉండేవాడు. అచ్చు వేసే భాగం అక్కది. అక్క మా ఇద్దరికన్నా పదేళ్ళు పెద్ద. భర్త కోదాడ దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. బడికెళ్ళే కూతురు ఉండేది.

తెలుగు అక్షరం చూడటానికి ముద్దుగా ఉంటుంది కానీ, దాన్ని ముక్కలుగా చేసి కంప్యూటర్‌కు నేర్పాలంటే ప్రాణం తీస్తుంది. అతను కొమ్ము సరిచేస్తే నా యావత్తు పక్కకు జరిగిపోయేది. నేను రావత్తు సర్దితే అతని ఏత్వం ఎగిరిపోయేది. పొద్దున బాగున్నది సాయంత్రానికి చెడేది. ఎవరు చెడగొట్టారో తెలియక ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం.

"ఇలా కాదర్రా" అంది అక్క ఒకరోజు. "మార్చిన ప్రతిసారీ అన్ని అక్షరాలూ కళ్ళతో చూడగలమా? చూసే పని కూడా దానికే అప్పజెబుదాం."

ఫలానా కీలు నొక్కితే ఫలానా అక్షరం రావాలి. వచ్చిన బొమ్మను, ముందే భద్రం చేసుకున్న సరైన బొమ్మతో చుక్క చుక్కా పోల్చాలి. ఒకటే అయితే తెర మీద 'సరి' అని, కాకపోతే 'తప్పు' అని పడాలి. ఇదీ ఆవిడ చెప్పింది. మేమిద్దరం ఉత్సాహంగా మొదలుపెట్టాం. నాలుగు వత్తులకు రాసేసరికి నా ఉత్సాహం చల్లారింది. అసలు పరీక్ష రెండు వరసలైతే, దానికి ముందు తెర తుడవడం, అక్షరాల ఫైలు తెరవడం, బొమ్మ తీసుకోవడం, పోల్చడం, ఇదంతా ప్రతిసారీ రాయాల్సి వచ్చేది. అతనూ అదే రాస్తున్నాడు, తన పద్ధతిలో, తన తప్పులతో.

వారం తిరిగేసరికి అక్క మా ఇద్దరి దగ్గరా ఉన్న ఆ రాత పనంతా తీసి ఒక ఫైలులో పెట్టింది. తుడిచేది ఒకటి, తెరిచేది ఒకటి, పోల్చేది ఒకటి. వాటిని పిలిస్తే చాలు. దాన్ని మేము 'కామన్' అనేవాళ్ళం. "అది కామన్‌లో ఉంది", "కామన్‌లో పెట్టు" అన్న మాటలు మా గదిలో రోజంతా వినపడేవి. ఆ ఫైలులో ఎవరు చెయ్యి పెట్టినా మిగతా ఇద్దరికీ గట్టిగా చెప్పి పెట్టాలన్నది అక్క షరతు.

ఇక చూడండి, పరీక్షలు రాయడం మాకు ఆట అయిపోయింది. అతను 'క్రౌంచం' తెస్తే నేను 'రాష్ట్ర్యం' లాంటి లేని మాట కల్పించి తెచ్చేదాన్ని. మూడు వత్తులు పెట్టి చూడు, అయిదు పెట్టి చూడు అని పందేలు. మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు కిటికీ పక్కన డబ్బాలు విప్పేవాళ్ళం. అతను జొన్న రొట్టెలు, నేను అన్నం, అక్క కోదాడ గోంగూర పచ్చడి. కింద హైవే మీద లారీలు పోతుంటే గ్లాసుల్లో నీళ్ళు వణికేవి. ఆ తర్వాత నేను పెద్ద పెద్ద భవనాల్లో, ఏసీ గదుల్లో చాలా చోట్ల తిన్నాను. ఎక్కడా అంత ఆకలి వేయలేదు.

మిర్యాలగూడలో ఒక ప్రెస్సు, కోదాడలో ఒకటి, సూర్యాపేటలో రెండు మా ప్రోగ్రాం తీసుకున్నాయి. పెళ్ళికార్డులే ఎక్కువ. ఆ ఏడు మాఘమాసం ముందు సారు కొత్త ప్రింటరు కొన్నాడు. దానికి తగ్గట్టు అక్షరం ఎత్తు కొంచెం తగ్గించాలి. ముగ్గురం కూర్చుని తగ్గించాం, పోల్చడానికి భద్రం చేసిన బొమ్మలనూ ఆ ఎత్తుకే కుదించాం. పరీక్షలన్నీ నడిపాం. తెర నిండా 'సరి' పడింది. కొత్త ఫ్లాపీలు ప్రెస్సులకు పంపాం.

కొన్నాళ్ళకు ఒక పొద్దున ఫోను మోగింది. నేనే ఎత్తాను. మిర్యాలగూడ ప్రెస్సు యజమాని.

"మేడం, ఒక్క మాట అడుగుతా చెప్పు. మీ కంప్యూటర్‌కు లక్ష్మి అని రాయొస్తదా, రాదా?"

"అదేంటండీ, ఎందుకు రాదు?"

"అయితే నా దగ్గర ఉన్న కార్డు మీద లక్షి అని ఎందుకున్నది? పిల్ల తండ్రి గీడనే కూసున్నడు. మీరే వచ్చి జవాబు చెప్పుకోండ్రి. నాతోని కాదు."

ఫోను పెట్టేసి చెప్పాను. సారు కుర్చీలోంచి లేచాడు. అక్క కీబోర్డు ముందు కూర్చుని ఆ పేరు కొట్టింది. తెర మీద లక్షి వచ్చింది. క్షకారం కింద ఉండాల్సిన మావత్తు లేదు. ఒక వత్తున్న అక్షరాలన్నీ బాగానే ఉన్నాయి. రెండు వత్తులు పడాల్సిన చోట, కింది రెండో వత్తు కత్తిరించినట్టు పోయింది.

"టెస్టు నడుపు" అన్నాడు సారు.

అక్క నడిపింది. లక్ష్మి అన్న మాట మా పరీక్షల్లో ఉంది. మొదటి వారంలోనే పెట్టినది. తెర మీద పక్కనే 'లక్షి' కనపడుతుండగా, దాని ఎదురుగా 'సరి' అని పడింది.

నలుగురం దాన్నే చూస్తూ నిలబడ్డాం. అబద్ధం చెబుతున్న మనిషిని చూస్తే కోపం వస్తుంది. నమ్మిన మనిషి అబద్ధం చెబితే కోపం రావడానికి కూడా టైం పడుతుంది.

"ఎవరు చేసిన్రు గిది?" అన్నాడు సారు.

ఎవరికీ తెలియదు మరి.

"అది తర్వాత వెతుక్కోవచ్చు సార్" అంది అక్క. "ముందు ఆ పెళ్ళివాళ్ళ సంగతి చూడాలి కదా. మేము వెళ్తాం."

"ముగ్గురా?"

"ముగ్గురమూ చేసిందే కదండీ."

మిర్యాలగూడ ప్రెస్సుకు చేరేసరికి ఎండ ముదిరింది. పిల్ల తండ్రి నిడమనూరు రైతు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు. మమ్మల్ని తిడతాడనుకుంటూ మెట్లెక్కాను. ఆయన తిట్టలేదు. ఒక కార్డు నా చేతికిచ్చి, "సూడమ్మా, నా బిడ్డ పేరు" అన్నాడు. అంతే. తిడితే బాగుండేది.

అచ్చు వేసే ముందు నమూనా చూపించారట. ముహూర్తం చూశారు, ఇంటిపేర్లు చూశారు, భోజనాలు ఎక్కడో చూశారు. పిల్ల పేరు మాత్రం ఎవరూ చూడలేదు. అది తెలిసిన పేరే కదా, ఎవరు చూస్తారు?

"మళ్ళీ వేయిద్దాం" అన్నాడు తిరుమలగిరి అతను.

"కార్డు కంపెనీ నుంచి రావాలె. పెండ్లి నెత్తిమీదికొచ్చింది. యాడికెళ్ళి తెద్దును?" అన్నాడు ప్రెస్సు యజమాని.

అక్క కార్డును కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో చూసింది. అక్షరాలు కుంకుమ రంగులో ఉన్నాయి. "సన్న పాళీ ఉన్న పెన్ను, ఈ రంగు సిరా ఉంటే చాలు" అంది. "చేత్తో పెడదాం. మావత్తే కదా."

బల్ల మీద కట్టలు విప్పి ముగ్గురం కూర్చున్నాం. పెట్టడం చూస్తే సులువే, చిన్న వంపు. కానీ అచ్చు అక్షరం కింద చేతి వంపు కలిసిపోవాలంటే ఊపిరి బిగబట్టాలి. అతను పెట్టిన మొదటి వత్తు చూసి అక్క నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఇది వత్తా, వడియమా?"

"నాది గుణింతాల సెక్షన్ అక్కా. వత్తులు ఆమెవి" అని నన్ను చూపించాడు.

పిల్ల తండ్రి పెదవుల మీద కూడా నవ్వు కదిలి మాయమైంది. కాసేపటికి మెల్లగా అసలు సంగతి చెప్పాడు. కొన్ని కార్డులు అప్పటికే ఊళ్ళో పంచేశారు. పసుపు రాసిన మొదటి కార్డు పెళ్ళికొడుకు ఇంటికి, హుజూర్‌నగర్ వెళ్ళింది. ఎవరో చదివి వినిపిస్తే పెళ్ళికొడుకు నాయనమ్మ మొండికేసింది.

"సగం పేరుతోని కార్డు వచ్చింది, గిది మంచి శకునం కాదు, లగ్గం ఆపుండ్రి అంటున్నదట. వియ్యంకుడు మంచోడే. కానీ తల్లి మాట జవదాటడు. నేను పోయి బతిమాలితే, కంప్యూటర్ తప్పంటున్నవ్, కంప్యూటర్‌ను తీస్కరా అన్నది."

అక్క పెన్ను కింద పెట్టింది.

"కంప్యూటర్‌ని తేలేం. మేము వస్తామండీ" అంది.

ఆయన కిరాయికి తెచ్చుకున్న జీపు కింద ఉంది. మొదట నిడమనూరు పోయి, పంచిన కార్డులు సరిచేసి, అక్కడ నుంచి హుజూర్‌నగర్ వెళ్ళాలని అనుకున్నాం. ప్రెస్సు యజమాని సిరా సీసా కాగితంలో చుట్టి ఇచ్చాడు.

మీరు నమ్మకపోవచ్చు, చదువుకుని కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్న ముగ్గురం ఆ మధ్యాహ్నం నిడమనూరులో ఇల్లిల్లూ తిరిగాం. తలుపు తట్టడం, "అమ్మా, పెళ్ళికార్డు ఒకసారి ఇస్తారా" అనడం, అరుగు మీద కూర్చుని వత్తు పెట్టడం, ఇచ్చేయడం. కొందరి ఇళ్ళలో కార్డు దేవుడి పటాల వెనక ఉంది. ఒక ఇంట్లో గోధుమపిండి డబ్బా మీద మూతగా ఉంది. ఒకావిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని మమ్మల్ని చాలాసేపు చూసింది.

"ఏందమ్మా, పట్నం సదువులు సదివి ఊర్లెంట తిరిగి వత్తులు పెడుతున్నరా?"

"అవునమ్మా, మేమే మరిచిపోయాం" అంది అక్క.

"గట్లనా. మరిస్తే పెట్టాలె గద. కూసోండ్రి, సల్ల తాగిపోండ్రి."

ఏ ఇంట్లోనూ ఎవరూ మమ్మల్ని మాట అనలేదు. పోతుంటే మాత్రం, "పెండ్లికి వస్తరు గద?" అని అడిగారు. మాకే ఆ పెళ్ళి జరుగుతుందో లేదో తెలియదు.

పెళ్ళికూతురు తన కార్డు తనే తెచ్చి ఇచ్చింది. సన్నటి పిల్ల, కళ్ళు కాస్త వాచి ఉన్నాయి. నా పక్కన కూర్చుని నేను వత్తు పెట్టడం చూసింది.

"బడిల నేను గూడ గది మర్సిపోయేదాన్ని అక్కా. సారు కొట్టెటోడు" అంది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "నాకేం లేదు. మా నాయన మొకమే సూడలేకపోతున్న" అంది.

జీపు మళ్ళీ ఎక్కాం. ముందు సీట్లో పిల్ల తండ్రి. వెనక మేము ముగ్గురం, మధ్యలో సిరా సీసా. పొలాల మీద ఎండ వాలుతోంది. కాలవ పక్కన నాట్లు వేసిన మళ్ళు పచ్చగా ఉన్నాయి. అప్పుడు తిరుమలగిరి అతను, తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు.

"అక్కా, పోల్చేది కామన్‌లో రెండు సార్లుండె గద. రెండోది ఎందుకు పెట్టినవ్?"

"ఉండటమేంటి, ఉంది కదా" అంది అక్క.

"లేదు. నేను తీసేసిన."

అక్క అతని వైపు తిరిగింది.

"దసరా అయినంక నీ బిడ్డకు జరమొచ్చి నువ్వు రాలే. ఈమె కోదాడ ప్రెస్సుల ఉండె. నేను కామన్ సాఫు చేస్తున్న. ఒకే బొమ్మను రెండుసార్లు పోలుస్తున్నట్టు కనవడ్డది. ఒకటి సాలదా అని తీసిన. మీరు వచ్చినంక చెప్దామనుకున్న, మర్సిపోయిన."

అక్క కళ్ళు మూసుకుంది. నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. వేసవిలో కరెంటు సరిగా ఉండేది కాదు. పరీక్షలన్నీ నడిచేలోగా కరెంటు పోయేది. త్వరగా అయ్యేలా ఏదైనా చెయ్యమని సారు అడిగితే, అక్క పోలికను రెండు ముక్కలు చేసింది. మొదటిది అక్షరం పైభాగం చూస్తుంది. రెండోది గీత కింద భాగం, అంటే వత్తులు చూస్తుంది. వత్తు లేని మాటలకు రెండోది నడపక్కర్లేదు. అది మంచి ఆలోచనే. పేరు చూస్తే మాత్రం రెండూ ఒకలాగే ఉన్నాయి. అతను ఒకటే చాలనుకుని తీసేశాడు. అదీ మంచి ఉద్దేశమే. ఆ రోజు నుంచి మా పరీక్షలు ఏ అక్షరాన్నీ గీత కిందికి చూడలేదు. చూడని దాన్ని సరి అన్నాయి.

"అంటే సగం నేను చేశాను, సగం నువ్వు చేశావు" అంది అక్క.

"నాదే అక్కా" అన్నాడు అతను.

"పేరు సరిగ్గా పెట్టనిది నేను. నాదే."

"కాదు, నాదే."

వాళ్ళిద్దరూ దాని కోసం పోట్లాడుకుంటుంటే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ తర్వాత ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఎన్నో తప్పులు చూశాను. ఎన్నో మీటింగులు చూశాను. తప్పు నాదంటే నాదని ఇద్దరు పట్టుబట్టడం మళ్ళీ చూడలేదు.

హుజూర్‌నగర్‌లో పెళ్ళికొడుకు ఇంటికి చేరేసరికి దీపాలు పెడుతున్నారు. నాయనమ్మ గడప దగ్గర పీట మీద కూర్చుని ఉంది. పలచటి మనిషి, గొంతు మాత్రం పెద్దది. మా ముగ్గురినీ వరసగా చూసింది.

"వీళ్ళేనా కంప్యూటర్?"

"మేమే అమ్మా" అంది అక్క. వెళ్ళి ఎదురుగా నేల మీద కూర్చుంది. మేమూ కూర్చున్నాం.

"సగం పేరు రాసి పంపుతరా? పిల్లను గూడ సగమే పంపుతరా మా ఇంటికి?"

పిల్ల తండ్రి ఏదో చెప్పబోయాడు. అక్క చెయ్యి ఎత్తి ఆపింది.

"మీరు అడిగింది న్యాయంగానే ఉందమ్మా. ఆడపిల్ల పేరు, కొత్త ఇంటికి రాబోతున్న పేరు. సరిగ్గా ఉండాలి. ఆ పేరు రాసే పని మాది. మేము సరిగ్గా చూసుకోలేదు. పిల్లదీ తప్పు కాదు, వాళ్ళ నాన్నదీ కాదు. మీరు ఏమన్నా మమ్మల్ని అనండి."

లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఇంట్లో అందరూ వింటున్నారని తెలుస్తూనే ఉంది.

"అయితే ఇప్పుడేం జేస్తరు?"

అక్క పెన్ను తీసింది. సిరాలో ముంచింది. కానీ తను పెట్టలేదు. "పెళ్ళికొడుకు ఇంట్లో ఉన్నాడా అమ్మా?" అని అడిగింది.

పెళ్ళికొడుకును లోపల నుంచి ఎవరో ముందుకు తోశారు. అతను వచ్చి సిగ్గుపడుతూ నిలబడ్డాడు. అక్క ఆ ఇంటికొచ్చిన పసుపు కార్డు తెప్పించి, పెన్నుతో పాటు అతని చేతికిచ్చింది.

"ఈ క్ష కింద మావత్తు పెట్టు బాబూ. నీ పెళ్ళాం పేరు నువ్వే పూర్తి చెయ్యి."

లోపల ఎవరో ఆడపిల్లలు కిసుక్కుమన్నారు. అతను గోడకానించి, నాలుక కొసను పళ్ళతో పట్టుకుని, జాగ్రత్తగా పెట్టాడు. మా అందరి వత్తుల కన్నా అదే బాగా కుదిరింది. ముసలామె కార్డు తీసుకుని కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. ఆమెకు చదువు రాదు. మనవడిని అడిగింది.

"ఏది, యాడ పెట్టినవ్?"

చూపించాడు.

"గింతే గదా! గింతదానికా నేను లగ్గం ఆపుమన్నది?"

"అంతే అమ్మా" అంది అక్క. "కానీ అది లేకపోతే పేరు కాదు."

"అయితే నేను మంచిగనే అడిగిన" అంది ముసలామె. కార్డును కళ్ళకద్దుకుని లోపలికి కేక వేసింది, "పిల్లలు పొద్దుగాల నుంచి తిరుగుతున్నరు, అన్నం పెట్టుండ్రి."

తిన్నాం. పిల్ల తండ్రి తన విస్తరి ముందు కూర్చుని, తువ్వాలుతో మాటిమాటికీ మొహం తుడుచుకున్నాడు. తర్వాత జీపులో మమ్మల్ని బస్‌స్టాండుకు తెచ్చి దింపాడు. కోదాడ బస్సు ముందు వచ్చింది. అక్క ఎక్కి, కిటికీలోంచి వేళ్ళు చూపించింది. వేళ్ళ నిండా కుంకుమ రంగు సిరా. "మా అమ్మాయి చూసి, ఏం ఉద్యోగమమ్మా నీది అంటుంది" అని నవ్వింది. బస్సు కదిలింది. మేమిద్దరం మా బస్సుల కోసం అక్కడే నిలబడ్డాం. ఆ రోజు అవమానంతో మొదలైందన్న సంగతి నాకు అప్పటికి గుర్తు కూడా లేదు.

ఆఫీసులో సారు మర్నాడు అడిగాడు, ఎవరిదో తేలిందా అని. ఇద్దరూ ఒకేసారి, "నాది సార్" అన్నారు. ఆయనకు చిరాకేసింది.

"ఇద్దరిదీ ఎట్లయితది? గందుకే నాకు ముందు నుంచి ఈ కామన్ నచ్చలే. మా మిల్లుల ఎవని కాటా వానికుంటది. తేడా వస్తే ఏ కాటాలనో తెలుస్తది. రేపటి నుంచి ఎవరి టెస్టులు వాళ్ళు రాసుకోండ్రి, ఎవరి ఫైలు వాళ్ళు పెట్టుకోండ్రి. ఒకరిది ఒకరు ముట్టొద్దు."

"సార్, గట్ల చేస్తే ఒక్కలు సరిచేసింది ఇంకొకలకు అందదు" అన్నాడు తిరుమలగిరి అతను.

"ఒక్కలు చెడగొట్టింది గూడ అందదు గద" అన్నాడు సారు.

ఆయన చెడ్డవాడు కాడు. నాలుగు ప్రెస్సుల నమ్మకం పోతే ఆ గది మూతపడుతుంది. ఆ భయం ఆయనది. ఆయన మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది. ఇప్పుడు ఉంది. తీసేసిన రెండో పోలికను తిరిగి పెట్టి, దానికి వేరే పేరు పెట్టి, పోల్చే దాన్ని కూడా పరీక్షించడానికి కావాలనే ఒక తప్పుడు బొమ్మ పెట్టి, అది 'తప్పు' అంటోందో లేదో చూస్తే సరిపోయేది. మీకు అది మొదటి ఏడాదిలోనే తెలిసిపోతుంది. మాకు చెప్పేవాళ్ళు లేరు.

కామన్ మూడు ముక్కలైంది. మొదట్లో మూడూ ఒకటే. నెల తిరిగేసరికి నాది ఒక దారి, అతనిది ఒక దారి. నేను ఏదైనా బాగుచేసుకున్నప్పుడు చెప్పబోయి ఆగిపోయేదాన్ని. చెప్పి ఏం లాభం, అది వాళ్ళకు పనికిరాదు. గదిలో చప్పుడు తగ్గిపోయింది. మేము పోట్లాడుకోలేదు. డబ్బాలు కలిసే తినేవాళ్ళం. కానీ తినేటప్పుడు మాట్లాడుకోవడానికి పిల్లల జ్వరాలు, బస్సుల ఆలస్యాలు మిగిలాయి. పని గురించి మాట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదు. కలిసి పనిచేసే చోటు నుంచి ఒక ఫైలు తీసేస్తే ఏం పోతుందో నాకు అప్పుడు పేరు పెట్టడం రాలేదు. పోయిందని మాత్రం తెలిసేది.

వానాకాలంలో అక్క భర్తకు కర్నూలు వైపు ఫ్యాక్టరీకి బదిలీ అయింది. ఆవిడ వెళ్ళిపోయింది. ఆ మర్నాడు ఆవిడ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. అతను ఏడాది తర్వాత హైదరాబాదు వెళ్ళాడు. పెద్ద ఊళ్ళ నుంచి మంచి అక్షరాలున్న ప్రోగ్రాములు రావడం మొదలయ్యాక సారు గది ఖాళీ చేసి తిరిగి మిల్లుకు వెళ్ళిపోయాడు. నేనూ హైదరాబాదు చేరాను. పనిచేసినన్నాళ్ళూ పరీక్షలే నా పని. ఎక్కడ చేరినా మొదట నలుగురు వాడుకునే ఫైలు ఒకటి తయారుచేసేదాన్ని. అది బాగానే ఉండేది. వాడేవాళ్ళు మూడు దేశాల్లో ఉండేవాళ్ళు. నేను వాళ్ళలో ఎవరినీ చూడలేదు.

అక్క కోసం చాలాసార్లు వెతికాను. కోదాడ మీదుగా పోయినప్పుడు వాళ్ళ పాత వీధిలో అడిగాను. ఎవరికీ తెలియలేదు. నేను ఉద్యోగం మానేశాక, ఒక మధ్యాహ్నం తిరుమలగిరి అతను ఫోను చేశాడు. ఇప్పుడు అతనికీ మనవలు.

"అక్క దొరికింది" అన్నాడు. "కర్నూల్లనే ఉన్నదట, బిడ్డ దగ్గర. నంబరు పంపుతున్న. చెయ్యి."

చేశాను. కూతురు ఎత్తి, ఎవరో కనుక్కుని, "అమ్మకు కొంచెం నెమ్మదిగా చెప్పండి ఆంటీ" అని ఫోను ఇచ్చింది. గొంతు సన్నబడింది కానీ అదే గొంతు. నేను ఎవరో చెప్పాను. సూర్యాపేట అన్నాను. ఎరువుల దుకాణం అన్నాను.

"వత్తుల అమ్మాయివి కదూ" అంది.

ఇన్నేళ్ళుగా దాచుకున్నదంతా చెప్పాలనుకున్నాను. అప్పుడు మనం కామన్‌ను వదులుకోకుండా ఉండాల్సింది అక్కా, రెండో పోలికకు వేరే పేరు పెట్టి ఉంటే చాలు, తప్పు నీదీ కాదు, అతనిదీ కాదు అని. మొదలుపెట్టాను. "అక్కా, ఆ రోజు లక్ష్మి పేరులో వచ్చిన తప్పు గుర్తుందా?"

"తప్పా?" అంది. నిజంగానే ఆలోచించింది. "తప్పేం లేదే. మనం ముగ్గురం జీపులో పెళ్ళికార్డులు పంచడానికి వెళ్ళాం కదా. ప్రతి ఇంట్లో మజ్జిగ ఇచ్చారు. ఎంత బాగుందో ఆ రోజు."

ఆవిడ ఆ ఇళ్ళ గురించి చెబుతూ పోయింది. ముసలామె గొంతు, పెళ్ళికొడుకు సిగ్గు, అన్నీ గుర్తున్నాయి. ఎందుకు వెళ్ళామో మాత్రం లేదు.

ఉద్యోగమంతా ఇతరుల తప్పులు పట్టుకుని బతికినదాన్ని. నోటిదాకా వచ్చిన మాట ఆపుకోవడానికి ఒక క్షణం పట్టింది.

"అవునక్కా" అన్నాను. "పంచడానికే వెళ్ళాం."